రాజభవనంలో ప్రసూతి వార్డు తలుపు

చిరంజీవి సాత్వికకు, రహమత్ నగర్ నుంచి నాన్న దీవెనలు.

యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మనింటి కుంటి కుర్చీకి ఈ ఉదయం నాలుగో కాలు వచ్చింది. అది పాత సినిమా సింహాసనం కాలు. పిల్లి ఎక్కి కూర్చుని మమ్మల్ని తన ప్రజల్లా చూస్తోంది. అమ్మా నేనూ కులాసా. వైజాగ్ హాస్టల్ సాంబారుతో నీకు రాజీ కుదిరిందా?

"ఈసారి కూడా సెట్టు తగలబెట్టారా?" అని అడిగావుగా. లేదమ్మా. ఇదివరకు మేకులు కొట్టేవాళ్ళం, షూటింగయ్యాక గడ్డపారలతో పగలగొట్టి కాల్చేవాళ్ళం. ఆ పొగ వాసన నా చొక్కాతో ఇంటికొచ్చేది. కిందటి సినిమాకి కట్టిన ఆసుపత్రి సెట్టు మాత్రం స్క్రూలతో బిగించా. విప్పి దాచా. ఫిల్మ్ నగర్‌లో ఆ చెక్కతోనే రాజభవనం లేపా. పాతది కాలిస్తే ఒక పొగ, కొత్త ప్లైవుడ్‌కి ఫ్యాక్టరీ, లారీ వదిలేది ఇంకో పొగ. రెండూ తప్పాయి.

అమ్మకి చెప్పకు. ప్రొడక్షన్ మేనేజరు క్రాంతికుమార్ ఒప్పుకోకపోతే, "పాత చెక్క అని కెమెరాకి తెలిస్తే నన్ను పనిలోంచి తీసెయ్యండి" అన్నా.

నిన్న షాట్‌లో రాజుగారు ఠీవిగా తలుపు తోశారు. తలుపు వెనక వైపు పెద్ద అక్షరాలు: ప్రసూతి వార్డు. నిశ్శబ్దం పాటించండి.

ఎవరూ పాటించలేదు.

"ఏంది పట్టాభన్నా, రాజుగారు కాన్పుకొచ్చిండా?" అన్నాడు క్రాంతికుమార్. నా పని అయిపోయిందనుకున్నా. ఆయన తలుపు మూశాడు, తెరిచాడు, అంచులు తడిమాడు.

"గిది ఆ దవాఖాన తలుపేనా? జర సొట్ట గూడ లేదు."

"అదేనండీ."

"సరే, గీ భవనం గూడ విప్పు, వచ్చే సినిమాకి పనికొస్తది. ఎనక రాతలు తుడువు."

హీరో లేచి చప్పట్లు కొట్టాడు, దర్శకుడు నాకు శాలువా కప్పాడు.

ఫోన్లో అయితే ఇక్కడ నవ్వేస్తావనే ఉత్తరం రాశా. చప్పట్లు, శాలువా నా కల్పన. తలుపు, పందెం, ఆయన మాట నిజం. చొక్కాకి పొగ వాసన లేదు, అదీ నిజం. "ఎవరు చెప్పిండ్రన్నా నీకు ఈ స్క్రూల ఉపాయం?" అని ఆయనడిగితే, నా బుర్రేనండీ అన్నా. అది పచ్చి కల్పన. రేపు వెళ్ళి, మా అమ్మాయి చెప్పిందని చెప్తా.

ఇట్లు,
ప్రసూతి వార్డు మేస్త్రీ,
మీ నాన్న