స్టవ్వులోకి తిరిగొచ్చిన కిరసనాయిల్

జూలై 2003, శుక్రవారం రాత్రి

ఆదివారం పెళ్లి బాడుగ చేజారుతుందేమోనని ఒకటే గుబులు. మా ఆయన వ్యాను మిట్ట ఎక్కలేక ఆగిపోతోంది. నిమ్మకాయలు కట్టినా అంతే. ఈరోజు ఇద్దరం తీసుకుపోతే ముదిగుబ్బ మెకానిక్ మస్తానన్న విప్పి చూశాడు. పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే జల్లెడలాంటి కన్వర్టర్ మసితో మూసుకుపోయింది.

"ఏమప్పా, పెట్రోల్లో కిరసనాయిల్ కలిపినావా?" అన్నాడు.

"నేన్యాడ కలిపినా? బంకోళ్లే కలిపింటారన్నా," అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

మస్తానన్న శుభ్రం చేసి బిగించాక వ్యాను మిట్టంతా ఒక్క ఊపున ఎక్కింది. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి రాగానే ఆయన వ్యాను సీటు కింద నుంచి డబ్బా తీసి, నా స్టవ్వులో కిరసనాయిల్ పోశాడు. ఆ స్టవ్వు మీదే టీ పెట్టిచ్చాను.

ఇంట్లో కిరసనాయిల్ నెల తిరక్కముందే అయిపోతుంటే, కొలతలో మోసమని నెలనెలా రేషన్ డీలర్‌ను తిట్టిపోశాను, పాపం. రేపు ఏ మొహం పెట్టుకుని ఆ డీలర్ దగ్గరికి పోవాలో.