గట్టివా, మెత్తటివా?

కుమాసి,
నవంబరు 9, 1996

ప్రియమైన అసారే మాస్టారికి,

నీ బడి ఉన్న వా ఊరికి వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం, ఒక సీసా షితో కారం ఇస్తున్నాను. దారిలో మూత తీశాడో లేదో చూసి చెప్పు.

కళ్ళ డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "మీ ఆయనకి నల్లగుడ్డు మొన తేలింది, కళ్ళజోడు పనిచెయ్యదు. రెండు రకాల లెన్సులూ ఇచ్చి పంపాను గదా, గట్టివో మెత్తటివో తేల్చమను. ఒక రకమే తెప్పిస్తాను," అంది. నాకైతే మెత్తటివే మేలనిపిస్తోంది. పోయినసారి గట్టివి పెట్టుకుని ఎర్రటి కళ్ళతో కూర్చున్నావు, నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. అక్కడ హర్మటాన్ దుమ్ముగాలి కూడా మొదలై ఉంటుంది.

పగలు కుట్టుమిషనుతో గడిచిపోతుంది. దుంపల ఫూఫూ ముద్ద దంచడానికి ఇద్దరుండాలి గదా, అందుకని సాయంత్రాలు మొక్కజొన్న కెంకీ కొనుక్కు తింటున్నాను.

నీ సెర్వా

వా,
నవంబరు 23, 1996

ప్రియమైన సెర్వా,

కారం అందింది. సీసాలో మూడు వేళ్ళ మందం తక్కువ. డ్రైవరుకి నీ వంట నచ్చింది.

డాక్టరమ్మకి మెత్తటివే అని చెప్పెయ్. పెట్టుకున్నట్టే తెలియదు. అన్నీ బాగా కనిపిస్తున్నాయి.

మొదట్లో ఇక్కడ నన్ను పొగరుబోతు అనుకున్నారు. "కుమాసి టీచరుగారికి మెడ తిరగదు కాబోలు," అని పీటో కల్లు అమ్మే ఆవిడ నా ఎదుటే అంది. ఇప్పుడెవరూ అనరు. జనం కూర్చున్న చోటల్లా ఆగి, కుడి నుంచి ఎడమకి వరసగా అందరినీ పలకరించి గానీ కదలను. నా అంత మర్యాదస్తుడు ఊళ్ళో లేడట. అయినా పలకరింపు దాటి ఎవరితోనూ మాట సాగదు. ఆదివారాలు గడవవు.

నీ అసారే

వా,
జనవరి 4, 1997

ప్రియమైన సెర్వా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. క్రిస్మసుకి రాలేదని కోపమా? పై తరగతికి సెలవుల్లోనూ పాఠాలు పెట్టారు, నన్నేం చెయ్యమంటావు? డ్రైవరుని అడిగితే, "మీ ఇంటి సంగతి నన్నడుగుతారేంటి మాస్టారూ," అని బస్సెక్కేశాడు. ఒంట్లో బాగుందా? ఒక్క ముక్క రాయి.

నీ అసారే

కుమాసి,
జనవరి 15, 1997

అసారేకి,

డిసెంబరు 21న నేను వా వచ్చాను. చెప్పకుండా వచ్చి నిన్ను నవ్విద్దామనుకున్నాను. కొత్త గౌను కుట్టి వేసుకున్నాను. బస్టాండులో బల్ల మీద ఇంకో ముగ్గురితో పాటు కూర్చుని ఉండగా నువ్వే ఎదురొచ్చావు. కూర్చున్నవాళ్ళని నడిచి వచ్చేవాళ్ళు పలకరించాలి గదా, నోరు మెదపకుండా నవ్వుతూ చూశాను. కుడి నుంచి మొదలుపెట్టావు. నేను మూడోదాన్ని. "అమ్మా, ప్రయాణం బాగా జరిగిందా," అని నన్నడిగి, అదే గొంతుతో నాలుగో ఆవిడనీ అడిగి వెళ్ళిపోయావు.

రెండడుగుల దూరంలో ఉన్నాను అసారే. అన్నీ బాగా కనిపిస్తున్నాయని నువ్వే రాశావు. అంటే, చూసి కూడా నన్ను కాదనుకున్నావు. ఇక పిలవాలనిపించలేదు. తిరుగు బస్సెక్కేశాను. అక్కడ నీకెవరున్నారో నేనడగను. డాక్టరమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. నీ కళ్ళు, నీ ఇష్టం.

సెర్వా

వా,
జనవరి 22, 1997

ప్రియమైన సెర్వా,

నీకు అబద్ధం రాశాను. మెత్తటివి కంటికి హాయే గానీ వాటితో మనుషులందరూ ఒకటే మసక. రెండడుగుల్లో ఉన్నా ముఖం తెలియదు. గట్టివి పెట్టుకుంటే స్పష్టంగా తెలుస్తుంది, ఈ దుమ్ముకి గంటకల్లా కళ్ళు మండిపోతాయి. నీకు మళ్ళీ ముద్ద దిగదని మెత్తటివి బాగున్నాయన్నాను. కాగితం ముక్కుకి ఆనించుకుని రాస్తాను కాబట్టి ఉత్తరాల్లో బయటపడలేదు. ఎవరెవరో పోల్చుకోలేకే అందరినీ వరసపెట్టి పలకరించడం నేర్చుకున్నాను. అది మర్యాద కాదు, భయం.

ఇక్కడ నాకెవరూ లేరు. ఇన్ని నెలల్లో నా కోసం వచ్చినదానివి నువ్వొక్కదానివే, నిన్నూ ఊరివాళ్ళలో కలిపేశాను.

గట్టివే తెప్పించమని చెప్పు. మంట పుడితే గంటగంటకీ తీసి కడుక్కుంటాను. ఈస్టరు సెలవులకి వస్తాను, తలుపు తీసినా తియ్యకపోయినా.

ఒక్కటి మాత్రం రాయి. ఆ బల్ల మీద నాకు రంగులే కనిపించాయి. ఆ రోజు నువ్వు వేసుకున్న గౌను ఏ రంగుది?

నీ అసారే