రత్తమ్మగారి బండ

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం.

మీరాబీ అక్కకు, ఖాసిం బావకు మీ తమ్ముడు మస్తాన్ సలాములు చెప్పి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరందరూ బాగున్నారని అనుకుంటున్నాను. పెద్దమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను తెచ్చిన తైలం రాసుకుంటోందా, పెట్టెలో దాచుకుందా? పాప చెవుల పుండ్లు మానాయా?

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు, ఆ తర్వాత వీధిలో వాళ్లంతా తలా ఒక సలహా ఇస్తారు. ఈ సంగతి నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువుకోవాలి. పైగా నోటితో చెప్పబోతే నాకు తిట్లు తప్ప ఇంకేమీ రావడం లేదు.

ముందు నా తిండి గురించి అడుగుతావు కాబట్టి అదే రాస్తున్నాను. రెండు పూటలా తింటున్నాను. మెస్సులో పప్పు నీళ్లగా ఉంటుంది కానీ గోంగూర పచ్చడి బాగుంటుంది. ఎండలు ముదిరాయి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే రోడ్డున పోయేవాళ్లందరూ తుమ్ముకుంటూ పోతారు. నేనూ తుమ్ముతున్నాను, అంతకు మించి జబ్బేమీ లేదు. గ్రానైట్ షాపులో పని మామూలే. ఇళ్ల పేర్లు, సమాధి రాళ్లు చెక్కడం నాకిష్టమే. శంకుస్థాపన రాళ్లంటేనే రోత పుట్టింది. ఇటుక కూడా దించని భవనానికి డజను పేర్లు. తన పేరు చిన్నదైందని ఒకాయన, పక్కవాడి పేరు పైన పడిందని ఇంకొకాయన. ఒకే రాయిని మూడుసార్లు చెక్కించారు.

ఆదివారం వస్తే గదిలో వాళ్లంతా సొంతూళ్లకు పోతారు. నాకేమో కనిగిరి దూరం. గోడలు చూస్తూ కూర్చోలేక ఒక బృందంలో చేరానని చెప్పాను కదా. ఈ ఊరి పాత చరిత్ర జనానికి తెలియజెయ్యాలని తిరిగే స్వచ్ఛంద కార్యకర్తలు. పొద్దున్నే ఒకచోట కలిసి పాత గుళ్లు, దర్గాలు, మట్టిలో కూరుకుపోయిన రాళ్లు చూస్తూ నడుస్తారు. అధ్యక్షుడు శ్రీధర్ గారు ప్లాట్లు అమ్ముతాడు. సుజాత టీచర్ అని ఒకావిడ ఉంది, బడిలో సోషల్ చెబుతుంది, పాత లిపి చదవగలిగేది ఆవిడొక్కతే. నాకూ ఒక టోపీ ఇచ్చి "మన శిల్పి" అని అందరికీ పరిచయం చేశారు. నిజం చెబుతున్నాను అక్కా, ఆ టోపీకి నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పాత గుంటూరులో ఒక సందులో పూడిపోయిన బావి ఉంది. దాని పక్కింట్లో రత్తమ్మగారని ఒక ముసలావిడ, ఒంటరి మనిషి, బావి దగ్గర నల్లబండ మీద బట్టలు ఉతుక్కుంటుంది. ఆ బండ అంచు చూస్తే పాతకాలపు ఉలిదెబ్బ అనిపించింది. కింద ఖాళీలోకి చెయ్యి పెట్టి తడిమాను. వేళ్లకు అక్షరాలు తగిలాయి. నలుగురం పట్టి తిరగేశాం. పేడ, నాచు కడిగేసరికి పదకొండు వరుసలు బయటపడ్డాయి. టీచర్ చెప్పినట్టు తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీశాను. రెడ్డిరాజుల కాలం నాటి అక్షరాల్లా ఉన్నాయని ఆవిడ వేలు పెట్టి చదివింది. ఒక నూనె వ్యాపారి బాటసారుల కోసం బావి తవ్వించాడట. ఎవరొచ్చినా నీళ్లు లేవనకూడదట. ఆఖరి వరుసలో చెక్కినవాడి పేరు, మారోజు. అన్ని వందల ఏళ్ల కిందటి పనివాడు తన పేరు తాను రాసుకున్నాడు. ఆ పేరు మీద మళ్లీ మళ్లీ వేలు పెట్టి చూసుకున్నాను.

శ్రీధర్ గారు బండను తీసుకెళ్లి శుభ్రం చేయించి, ఒక సభ పెట్టి జనానికి చూపిద్దామన్నాడు. రత్తమ్మగారు ఒప్పుకోలేదు.

"నా బండ మీరు పట్టుకుపోతే నేను గుడ్డలు దేనిమీద ఉతుక్కోను? పెద్ద పెద్దోళ్లు వచ్చి పట్టుకుపోయినయ్ ఏయీ తిరిగి రావు," అంది.

"చరిత్ర అండీ మామ్మగారూ, జనం చూడాలి," అన్నాడాయన.

ఆవిడ ఆయన వైపు చూడకుండా నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పబ్బాయ్. తిరిగి తెస్తావా?"

"సభ అయిన మర్నాడే తెస్తానండి. నాది పూచీ," అన్నాను.

ఆ మాట మీదే ఇచ్చింది. బండ మా షాపుకు చేరింది. నీళ్లు, కొబ్బరి పీచు తప్ప ఇంకేమీ తగలకూడదని అందరికీ చెప్పి, పాప చెవులు కుట్టిస్తున్నారని మీ దగ్గరకు వచ్చాను. ఫోన్లో ఆ కాగితం ఫొటో చూపిస్తే "ఈ కోడిగీతలకేనా అంత మురిసిపోతున్నావు" అని నవ్వావు, గుర్తుందా? నేను మీ ఇంట్లో బిర్యానీ తింటున్న ఆ మూడు రోజుల్లోనే ఇక్కడ ఘనకార్యం జరిగిపోయింది.

తిరిగొచ్చేసరికి బండ అద్దంలా మెరుస్తోంది. అందులో నా ముఖం కనపడింది. సభకు పెద్దలు వస్తున్నారు, రాయి మురికిగా ఉంటే బాగోదని శ్రీధర్ గారు అడిగితే, మా ఓనర్ ఊరికే చేసి పెడతానని పాలిష్ మెషీన్ కింద పెట్టించాడు. ఒంగోలు నుంచి వచ్చే గ్రానైట్ రాళ్లకు పట్టినట్టే దానికీ పట్టారు. పదకొండు వరుసల్లో ఒక్క గీత మిగల్లేదు.

"అక్షరాలేవి సార్?" అన్నాను.

"నువ్వున్నావు కదయ్యా. ఆ కాగితం చూసి మళ్లీ చెక్కు. ఈసారి లోతుగా, అందంగా చెక్కు. బంగారు రంగు కూడా వేద్దాం," అన్నాడు. ఆ ముఖంలో ఎక్కడా బాధ లేదక్కా. తప్పు చేశానన్న ఊహ కూడా లేదు. సుజాత టీచర్ అక్షరాలున్న చోటంతా చేత్తో తడిమి చూసి వెళ్లిపోయింది.

నేను చెక్కనన్నాను. కాగితం కూడా ఇవ్వనన్నాను. నా పని తెచ్చి మారోజు పనని జనానికి చూపిస్తే నాకు తిండి సహించదు. ఓనర్ నన్ను చెక్కుడు పని నుంచి తీసి లారీల్లోంచి రాళ్లు దించే పనికి వేశాడు. నడుము బాగానే ఉంది, కంగారు పడకు.

వాళ్లకు కాగితం లేకపోయినా ఏమీ ఆగలేదు. ఫోన్లలో ఫొటో వెతికారు. అన్ని ఫొటోల్లోనూ శ్రీధర్ గారు రాయి ముందు నిలబడే ఉన్నాడు, ఆయన పొట్ట వెనక కింది వరుసలు కనపడవు. కనపడ్డంత వరకు కంప్యూటర్లో గీయించి, మెషీన్‌తో ఇసుక కొట్టించి చెక్కించారు. మిగిలిన చోట కార్యవర్గం పేర్లు పెట్టించారు. నీళ్లు లేవనకూడదన్న మాట పోయింది. మారోజు పోయాడు. సభలో శాలువాలు కప్పుకున్నారు, అక్షరాల ముందు వంగి సెల్ఫీలు దిగారు, మన వారసత్వం మన బాధ్యత అని అరగంట మాట్లాడారు. ఇప్పుడా రాయి ఒక పార్కులో ఉంది. ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. థూ అనిపించింది. ఆ టోపీ అక్కడే కుర్చీలో వదిలేసి వచ్చాను.

ఇవాళ పొద్దున రత్తమ్మగారి దగ్గరకు వెళ్లాను. ఇన్నాళ్లూ ఆ సందు ముఖం చూడలేక చుట్టూ తిరిగి పోతున్నాను. ఆవిడ గడప ముందు సిమెంటు మెట్టు మీద వంగి చీర ఉతుకుతోంది.

"బండేదబ్బాయ్?" అంది.

జరిగిందంతా చెప్పాను. నేను ఊళ్లో లేని సంగతి కూడా చెప్పబోయాను, కానీ అది నాకే సాకులా వినపడి ఆపేశాను. కాగితం విప్పి చదవమంటారా అని అడిగాను.

"కాయితం నేనేం చేసుకోను? వాళ్ల మొహాలు చూసి ఇవ్వలేదబ్బాయ్. నీ మొహం చూసి ఇచ్చా," అంది. కేకలెయ్యలేదు, తిట్టలేదు. మళ్లీ వంగి ఉతుక్కోవడం మొదలుపెట్టింది. ఆ మెట్టు ఎత్తు తక్కువ, ఆవిడ నడుము పట్టుకుని పట్టుకుని లేస్తోంది.

అందుకని బావకు ఒక మాట చెప్పు. కొండ కింద క్వారీ వాళ్లనడిగి ఒక మంచి బండ చూడమను. మోకాలెత్తు ఉండాలి, పైన చదునుగా ఉంటే చాలు. మిర్చి లారీ ఏదైనా ఇటు వస్తుంటే వేయించమను, దించుకోవడం నేను చూసుకుంటాను. పాలిష్ పట్టించొద్దని గట్టిగా చెప్పు. రత్తమ్మగారు తీసుకుంటుందో, గుమ్మంలోనే వెనక్కి పొమ్మంటుందో తెలియదు. తీసుకుంటే మాత్రం దాని మీద నేను ఒక్క అక్షరం కూడా చెక్కను.

పెద్దమ్మకు నా సలాములు, పాపకు ముద్దులు. నాకోసం దువా చెయ్యండి.

ఇట్లు
మీ తమ్ముడు
మస్తాన్