చెరువుకు పోని తొమ్మిది రోజులు

ఇబ్రహీంపట్నం,
బుధవారం.

చిరంజీవి మనోజకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బాపు, వాకిట్లో గన్నేరు చెట్టు క్షేమం. అక్కడ నువ్వు, నీ హాస్టలు పిల్లలు, నీ నెత్తురులోని ప్లేట్‌లెట్లు కూడా క్షేమమని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మీ ఊళ్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఎక్కినా నా మాట సగంలోనే నువ్వు అందుకుంటావు. ఉత్తరంలో అయితే నాకు అడ్డు తగిలేవాళ్లు లేరు. కాబట్టి కుదురుగా కూర్చుని చదువు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటిది బాపు మోకాలు. డిపోలో బస్సుల కింద దూరడం మానమని డాక్టరు చెప్పాడు. ఆయన మానలేదు. నూనెతో మర్దన చేస్తానంటే "బస్సుకు వెట్టే గ్రీసే మస్తు పనిచేస్తది, నీ నూనె నువ్వే వెట్టుకో" అంటున్నాడు. అరిచే ఓపిక ఉందంటే బాగానే ఉన్నట్టు.

రెండోది ఆకుపచ్చ చిమ్మట. పొద్దున అంగన్‌వాడీ తాళం తీసేసరికి బల్బు కింద గోడకు అంటుకుని ఉన్నదని ఫోటో పంపాను కదా, దాని పేరు దొరికింది. గన్నేరు ఆకు తిని పెరిగే జాతి అది. మన చెట్టును బోడి చేసిన లావు పురుగులు దాని పిల్లలేనట. మందు కొట్టమని పక్కింటి యాదమ్మ రోజూ పోరింది. "నా చెట్టు, నా పురుగులు, నీకెందుకే ఫికర్?" అన్నాను. చెట్టు మళ్లీ చిగురు పెట్టింది. యాదమ్మ మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

మూడో ప్రశ్నకు జవాబు కాస్త ఆగి రాస్తాను. తప్పించుకోవడానికి కాదు. ముందు చెరువు గొడవ చెప్పాలి.

చెరువు ఉత్తరం మూలలో మట్టి పోసి తన ప్లాట్లకు రోడ్డు వేసుకుంటానని వెంచర్ నగేష్ దరఖాస్తు పెట్టాడు. తుంగ పెరిగే ఆ మూల నీకు తెలుసు. నల్లటి ఒళ్లు, తెల్లటి ముక్కు ఉండే బొల్లికోళ్లు దాక్కునేది అక్కడే, చలికాలం బాతులు దిగేది అక్కడే. అభ్యంతరాలుంటే సోమవారం వచ్చి చెప్పుకోమని తహసీల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నగేష్ కాగితంలో ఒకటే మాట: ఆ మూలలో పక్షులు లేవు.

దానికి మా దగ్గరున్న సమాధానం నా జాబితా ఒక్కటే. మూడేళ్లుగా రోజూ పొద్దున ఆరున్నరకు, ఆదిభట్ల కంపెనీ బస్సులు సాగర్ రోడ్డు మీద వరస కట్టే వేళకు, తూము పక్కన అదే రాయి మీద నిలబడి, పదిహేను నిమిషాలు పక్షులను లెక్కపెట్టి ఫోన్లో ఎక్కించిన జాబితా. పక్షులను చూసే మా గుంపుకు పెద్ద, కాలేజీలో పాఠాలు చెప్పే మహేశ్వర్ సారు, రోజుకో పేజీ చొప్పున దాన్నంతా ప్రింటు తీయించాడు. "సుగుణమ్మా, గిదే మన బలం" అన్నాడు. ఆ కట్టను రెండు చేతులతో ఎత్తుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "పోయిన అక్టోబరులో నాకు డెంగీ వచ్చినప్పుడు తొమ్మిది రోజులు నా మంచం పక్కనే ఉన్నావు. ఆ తొమ్మిది రోజులూ చెరువులో పక్షులను ఎవరు లెక్కపెట్టారమ్మా?" అని అడిగావు. కింద నువ్వే సలహా కూడా రాశావు, చప్పుడు చేయకుండా తీసెయ్ అని.

ఎవరూ లెక్కపెట్టలేదు బిడ్డా. నేనే కల్పించాను. దవాఖాన బెంచీ మీద కూర్చుని, ముందు వారం సంఖ్యలను అటు రెండు, ఇటు మూడు మార్చి ఎక్కించాను. ఒక్కరోజు కూడా తప్పనివాళ్ల పేర్లు సారు నెలనెలా గుంపు మీటింగులో చదువుతాడు. అందులో మొదటి పేరు నాది. అంత చదువుకున్నవాళ్ల మధ్య నా పేరు మొదట వినబడటం నాకు బాగుండేది. ఆ వరస తెగుతుందని భయపడ్డాను. అంగన్‌వాడీలో ఇరవై రెండేళ్లలో ఏ పిల్లవాడి బరువునూ తూకం వేయకుండా రిజిస్టరులో రాయని మనిషిని, పిట్టల దగ్గరికొచ్చేసరికి ఇవేం అడగొస్తాయిలే అనుకున్నాను. అక్కడ నర్సు పొద్దున్నే నీ ప్లేట్‌లెట్ల సంఖ్య చెబుతుంటే ఊపిరి బిగబట్టి వినేదాన్ని. ఆమె కూడా నాలాగే అటూ ఇటుగా చెప్పి ఉంటే ఏమయ్యేది? నీ ఉత్తరం చదివాక వచ్చిన ఆలోచన ఇది.

ఆదివారం పొద్దున సారు దగ్గరికెళ్లి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "గిప్పుడు చెప్తే కొంప మునుగుతది. చుప్‌చాప్ ఆ పేజీలు తీసేద్దాం" అన్నాడు. ఇంటికొస్తే బాపూ అదే మాట. "వెయ్యి దినాలల్ల తొమ్మిదే గదనే. ఎవడు జూస్తడు?" నువ్వూ అదే రాశావు. ముగ్గురూ నా మంచికే చెప్పారు, ముగ్గురి మాటా నేను వినలేదు. చాటుగా తీసేస్తే అది రెండో అబద్ధం. నువ్వు పంతులమ్మవు కదా, కాపీ కొట్టిన పిల్లకు ఆ పేజీ చించేసి ఊరుకోమని చెబుతావా? చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నేను చెప్పలేదు. నాకు తెలిసిన అబద్ధాన్ని చేతిలో పెట్టుకుని నగేష్‌ది అబద్ధమని అరవలేను కాబట్టి చెప్పాను.

సోమవారం ఆఫీసులో ముందు నగేష్ మాట్లాడాడు. "పిల్లలకు గుడ్లు పంచే ఆమె లెక్క గూడ ఒక లెక్కనా సార్?" అన్నాడు. కొందరు నవ్వారు. నేను లేచాను.

"సార్, గీ కాయిదాలల్ల తొమ్మిది దినాలు అబద్ధం. నా బిడ్డకు జరమొస్తే దవాఖానల ఉన్న. చెరువు మొకం సూడలే. ఆ లెక్క నేనే పుట్టించిన. గవి కొట్టెయ్యుండ్రి" అన్నాను.

సారు కళ్లు మూసుకున్నాడు. నగేష్ బల్ల గుద్దాడు. "ఇన్నరా సార్? తొమ్మిది అబద్ధమైతే అన్నీ అబద్ధమే!"

నేను అతని వైపు తిరిగాను. "అయితే నువ్వే రా. రేపు పొద్దుగాల ఆరున్నరకు తూము కాడికి రా. నా పక్కన నిలబడి నువ్వే లెక్కవెట్టు. నా తప్పు నేను జెప్పుకున్న. పిట్టలు లేవని రాసినోనివి, నువ్వు ఒక్క దినమన్న ఆడ నిలబడి సూసినవా?" అన్నాను.

అధికారి కాగితాలు తిప్పాడు. ఆ తొమ్మిది పేజీలనూ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. నెల రోజులు ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి, రోజూ ఇద్దరూ సంతకం పెట్టాలి, అప్పటిదాకా తట్టెడు మట్టి కూడా పడొద్దని రాశాడు. బయటికొచ్చాక సారు నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. ఇక మీదట నా పేరు చదవకపోవచ్చు. చదవకపోతే పోనీ.

నిన్న నగేష్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ముక్కుకు రుమాలు. దుర్బిణి ఇస్తే తిరగేసి పెట్టుకుని "ఏం గనవడ్తలేదు" అన్నాడు. సరిచేసి ఇచ్చాను. లెక్కపెట్టి, బొల్లికోళ్లు అరవై నాలుగు అన్నాడు. నాకు అరవై ఒకటే వచ్చాయి. మునిగి లేచినవాటిని మళ్లీ లెక్కపెట్టాడు పాపం. "తక్కువదే రాయి, నాకు ఉత్తుత్తి పిట్టలొద్దు" అన్నాను. లేవన్న మూలలో అరవై ఒక్క పక్షులకు తన చేత్తోనే సంతకం పెట్టాడు. ఈ రోజూ వచ్చాడు, రుమాలు లేకుండా.

ఆ మూల దక్కుతుందో లేదో నాకు తెలియదు. నెల గడవాలి. కానీ మిగిలిన వెయ్యి రోజుల మీద ఎవరు వేలు పెట్టినా నేను తల ఎత్తే నిలబడతాను.

ఫోన్లో ఆ తొమ్మిది రోజుల లెక్కలు తీసేశాను. ఆఫీసు కట్టలో మాత్రం ఆ పేజీలను చించనివ్వలేదు. అధికారిని అడిగి, ఎర్రగీత కింద ఒక్కో పేజీలో నా చేతిరాతతో ఒకటే మాట రాసి సంతకం పెట్టాను: "ఈ రోజు చెరువుకు రాలేదు. నా బిడ్డ పక్కన ఉన్నాను."

తొమ్మిదిసార్లు రాశాను.

ఇట్లు,
పొద్దున ఆరున్నరకు తూము దగ్గరే ఉండే
నీ అమ్మ,
సుగుణమ్మ.