తలుపు తియ్యి బిడ్డా

కంఠేశ్వర్, నిజామాబాద్

బాపూ,

నేను బాగానే ఉన్నాను, ఒక్క కోపం తప్ప. ఫోన్ చేస్తే అరిచేస్తానని కార్డు రాస్తున్నాను.

కాలేజీలో మా జట్టు ఒక థ్రిల్లర్ సినిమాకు మొదటి సీను తీయాలి. ఇంట్లో అమ్మాయి ఒక్కతే ఉంటుంది, బయట ఎవరో తలుపు కొడతారు. ఎలాంటి గొంతుకు జనం భయపడతారో ముందు తెలుసుకోమన్నారు. అందుకే నిన్ను "తలుపు తియ్యి బిడ్డా" అని రికార్డు చేసి పంపమన్నాను. దాన్నీ, మా జట్టులోని తేజస్ వార్తలు చదివినట్టు చెప్పిన "దయచేసి తలుపు తీయండి"నీ క్లాసులో వినిపించాను. వీళ్లలో హంతకుడెవరంటే అందరూ నీ గొంతుకే చేతులెత్తారు!

"మోటు భాష కదా, విలన్‌కు కరెక్టుగా సరిపోతుంది" అన్నాడు తేజస్. వాడిది మన పక్క ఊరు వర్నియే! ఒళ్లు మండిపోయింది.

"మీ బాపు నిన్ను ఏ భాషల పిలుస్తడురా?" అని అందరి ముందే అడిగాను.

సీను మార్చేశాను. ఇప్పుడు హంతకుడే ఆ పుస్తకాల తెలుగులో మర్యాదగా తలుపు తీయమంటాడు.

అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పసుపు ఉడకబెట్టుడు అయిపోయిందా? ఇటు ఎవరైనా వస్తే నా మందపాటి దుప్పటి పంపు. అవ్వకు దండాలు చెప్పు.

ఇంకొక్కటి రికార్డు చేసి పంపు బాపూ. అమ్మాయి గొళ్లెం మీద చెయ్యి వేయగానే ఫోన్‌లో నీ గొంతు వినబడాలి: "తియ్యకు బిడ్డా, నేనొస్తున్న."

నీ బిడ్డ,
సుష్మ