డ్యూటీ దారిలో ఫ్లెక్సీ

మంగళవారం రాత్రి, మణుగూరు

నా బిడ్డ సునీత అన్నంత పనీ చేసింది. అల్లుడికి ఇంకో ఆమెతో సంబంధం ఉందని తెలిసి, వాళ్లిద్దరి ఫోటోతో 'కొత్త జంటకు శుభాకాంక్షలు' అని ఫ్లెక్సీ వేయించి, అతను గని డ్యూటీకి పోయే దారిలో కట్టించింది. జనమంతా ఆగి నవ్వుకుంటూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఫ్లెక్సీ కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల బొమ్మలు పెడతారు కదా, అక్కడ తనదీ, మనవరాలు చిన్నిదీ పెట్టించింది.

"పిల్ల బొమ్మ ఎందుకే? తీపియ్యి" అన్నాను.

"తియ్యనమ్మా. వాని ఇజ్జత్ పోవాలె."

చిన్ని బడి బస్సు ఆ దారినే పోతుంది. తోటి పిల్లలు ఏమంటారో అని నాకు ఒకటే దడ. దానికింకా తెలియదనే అనుకున్నాను. పడుకునే ముందు నా పక్కన చేరి, "అమ్మమ్మా, రేపు బస్సొద్దు. అడివి దారిల నడుసుకుంట పోదాం" అంది.