చిలకల్ని తోలే డబ్బా

అరకులోయ

సుజానా అక్కకు,

ఫోన్లో చెబితే నవ్వేస్తావని కాగితం మీద రాస్తున్నాను. నువ్వు ఉద్యోగానికి పార్వతీపురం వెళ్లాక ఇంట్లో నెట్ చాలా వేగంగా వస్తోంది. ఒక్క కనెక్షన్ మీద మూడు కంప్యూటర్లు నడిచిన రోజుల్లో, నీ ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే మొక్కజొన్న చేలో చిలకల్ని తోలే రేకు డబ్బా తెచ్చి వాయించేదానివి. "ఆపండర్రా బేగి, నా క్లాసు ఆగిపోతంది" అని అరిచేదానివి. నేనూ తమ్ముడు ఆల్వినూ తిట్టుకుంటూ మావి ఆపేసేవాళ్లం.

నిన్న నాన్న చేలో అదే డబ్బా వాయించాడు, చిలకల కోసమే. నేను సినిమా డౌన్‌లోడ్ ఆపేశాను. పక్క గదిలో ఆల్విన్ కూడా ఆపేశాడట. చాలాసేపటి దాకా ఇద్దరం మళ్లీ మొదలుపెట్టలేదు.

సెలవు దొరికితే నీ కంప్యూటర్ పట్టుకుని రా. మన నెట్‌ని కాస్త నెమ్మది చేసి వెళ్లు.

నీ చెల్లి